కార్డు అడిగినవాడు

ఈసారి ఒక టీవీ సీరియల్ గురించి రాస్తున్నానంటే మీలో కొందరు నవ్వుతారు. నవ్వండి. నేనూ నవ్వుకుంటూనే చూడ్డం మొదలుపెట్టాను. మూడో భాగం అయ్యేసరికి మాత్రం లైటు తీసేసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు చరిత్ర.

సీరియల్ పేరు 'ఎ వెరీ ఇంగ్లిష్ స్కాండల్'. 2018 మే, జూన్ నెలల్లో బీబీసీలో మూడు భాగాలుగా వచ్చింది. జాన్ ప్రెస్టన్ 2016లో తెచ్చిన పుస్తకం ఆధారంగా రస్సెల్ టి. డేవిస్ రాశాడు, స్టీఫెన్ ఫ్రియర్స్ తీశాడు. హ్యూ గ్రాంట్ జెరెమీ థోర్ప్ అనే నాయకుడిగా, బెన్ విషా నార్మన్ స్కాట్ అనే మనిషిగా వేశారు. కల్పిత పాత్రలు కావు. ఇద్దరూ నిజంగా బతికిన మనుషులు.

థోర్ప్ ఎవరు?

1929లో పుట్టాడు. తండ్రి ఎంపీ, తల్లి తండ్రి కూడా ఎంపీ, ఇద్దరూ కన్సర్వేటివ్‌లే. ఈటన్ స్కూల్లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, లాయరయ్యాడు. ఇంటి పార్టీని కాదని చితికిపోయిన లిబరల్ పార్టీలో చేరాడు. 1959లో నార్త్ డెవాన్ నుంచి గెలిచాడు. 1967లో పార్టీ నాయకుడయ్యాడు. 1974 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆ పార్టీకి 60 లక్షల ఓట్లొచ్చాయి. వాళ్ల ఎన్నికల పద్ధతి పుణ్యమా అని సీట్లు మాత్రం 14. ఎవరికీ మెజారిటీ రాలేదు. ప్రధాని హీత్ పిలిచి సంకీర్ణం పెడదామన్నాడు. అంటే మన కథానాయకుడు బ్రిటన్ కేబినెట్ గుమ్మం దాకా వెళ్లొచ్చినవాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఈ వ్యాసానికి అదే ముఖ్యం. థోర్ప్ చెడ్డ రాజకీయాలవాడు కాదు. దక్షిణాఫ్రికా వర్ణవివక్షని గట్టిగా వ్యతిరేకించాడు. రొడీషియాలో తెల్లవాళ్లు ఏకపక్షంగా రాజ్యం ప్రకటించుకుంటే, వాళ్లకి చమురు చేరవేసే రైలు మార్గం మీద బాంబులేయాలని 1966లో పార్టీ మహాసభలోనే అన్నాడు. 1968లో కెన్యా ఆసియన్లని అడ్డుకునే చట్టాన్ని అతని పార్టీ వ్యతిరేకించింది. 1972లో ఇడీ అమీన్ ఉగాండా నుంచి మనవాళ్లని తరిమేస్తే, వాళ్లని రానివ్వాలని మాట్లాడినవాళ్లలో అతనొకడు. ఆ రోజుల్లో నేను అక్కడుంటే బహుశా అతనికే ఓటేసేవాణ్ణి.

ఇప్పుడు రెండోవాడి దగ్గరికి వద్దాం.

నార్మన్ 1940లో పుట్టాడు. అప్పటి ఇంటిపేరు జోసిఫ్, స్కాట్ అని తర్వాత మార్చుకున్నాడు. గుర్రపుశాలల్లో పని. మనసు బాగోక ఆసుపత్రిలో కూడా ఉన్నాడు. పనిచేసిన గుర్రపుశాలకి స్నేహితుడిగా వచ్చిన థోర్ప్ ఒకసారి పలకరించి, ఎప్పుడైనా కష్టమొస్తే రమ్మన్నాడు. పెద్దమనుషులు అలా అంటూనే ఉంటారు. ఈ పిల్లవాడు నిజమనుకున్నాడు. 1961 నవంబర్లో చంకలో ఒక చిన్న కుక్కపిల్లని పెట్టుకుని పార్లమెంటు గుమ్మం దగ్గరికి వెళ్లి ఎంపీగారు కావాలని అడిగాడు.

ఆ రాత్రి థోర్ప్ అతన్ని తన తల్లి ఇంటికి తీసుకెళ్లాడనీ, సంబంధం అక్కడే మొదలైందనీ, మొదటి రాత్రి అది తన ఇష్టంతో జరగలేదనీ నార్మన్ చెప్పాడు. స్నేహం నిజమే, శారీరక సంబంధం అబద్ధం అని థోర్ప్ చనిపోయేదాకా చెప్పాడు. ఈ రెండు మాటల మధ్యే మిగతా కథంతా నడుస్తుంది.

మిత్రులారా, అప్పటి చట్టం గుర్తుంటే తప్ప ఇది అర్థం కాదు. 1885లో లబూషేర్ అనే ఎంపీ ఒక బిల్లుకి తోకలాగా ఒక సెక్షన్ తగిలించాడు. దాని ప్రకారం మగవాళ్ల మధ్య ఏ 'అసభ్య చర్య' జరిగినా, ఇష్టపడి చేసినా, నాలుగు గోడల మధ్య చేసినా రెండేళ్లదాకా జైలు. 1895లో ఆస్కార్ వైల్డ్‌ని పంపింది ఆ సెక్షనే. 1952లో అలన్ ట్యూరింగ్‌కి శిక్ష వేసిందీ అదే. దానికి జనం పెట్టిన పేరు 'బ్లాక్‌మెయిలర్ల చార్టర్'. 1957లో వుల్ఫెండెన్ కమిటీ దాన్ని తీసేయమంటే, తీయడానికి ఇంకో పదేళ్లు పట్టింది. లియో అబ్సే, లార్డ్ ఆరన్ పోరాడితే 1967లో చట్టం మారింది. అదీ ఇంగ్లండ్, వేల్స్‌లో మాత్రమే, 21 ఏళ్లు నిండినవాళ్లకే. స్కాట్లండ్‌కి 1980లో, ఉత్తర ఐర్లండ్‌కి 1982లో వచ్చింది.

అంటే 1961లో ఆ ఇంట్లో ఉన్న ఇద్దరూ చట్టం ముందు నేరస్తులే. కానీ ఒకే నేరం ఇద్దర్నీ ఒకేలా పట్టుకోదు. ఒకడికి పోయేది పదవి. రెండోవాడికి పోవడానికి ఏముంది? ఒక కార్డు.

ఆ కార్డు గురించి కొంచెం చెప్పనివ్వండి. అప్పట్లో బ్రిటన్‌లో ప్రతి కార్మికుడికీ నేషనల్ ఇన్సూరెన్స్ కార్డు ఉండేది. యజమాని దాన్ని తన దగ్గర పెట్టుకుని వారం వారం స్టాంపు అంటించాలి. పని మానేస్తే కార్డు చేతికి ఇవ్వాలి. అది లేకపోతే ఇంకోచోట సరైన పని దొరకదు, పని లేనప్పుడు వచ్చే భృతి రాదు, జబ్బు చేస్తే వచ్చే సాయం రాదు. నార్మన్ కార్డు పాత యజమాని దగ్గర ఉండిపోయింది. థోర్ప్ తనే యజమాని స్థానంలో నిలబడి కొత్త కార్డు తీయించి, తన దగ్గరే ఉంచేసుకున్నాడని నార్మన్ ఆరోపణ. అక్కణ్ణుంచి దాదాపు ప్రతి ఉత్తరంలో, ప్రతి ఫిర్యాదులో, ప్రతి ఏడుపులో ఒకటే మాట: నా కార్డు నాకిప్పించండి.

సీరియల్లో ఇది నవ్వు పుట్టించేలా ఉంటుంది. ఎవరేం మాట్లాడుతున్నా ఇతను కార్డు దగ్గరికే వస్తాడు. నాకు నవ్వు అక్కడే ఆగిపోయింది. ఒక కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన ఇంట్లో పుట్టినవాడెవడికీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

అతను ఎన్నిసార్లు, ఎవరెవరికి చెప్పాడో చూడండి.

1962 డిసెంబర్లో లండన్ చెల్సీ పోలీసులకి చెప్పాడు. థోర్ప్ రాసిన ఉత్తరాలిచ్చాడు. ఫిర్యాదు చేయాలంటే తన నేరం తను ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాడు. పోలీసులు కాగితాలు పైకి పంపించి ఊరుకున్నారు.

1965లో థోర్ప్ తల్లికే పొడుగాటి ఉత్తరం రాశాడు. ఆమె కొడుకు చేతిలో పెట్టింది. కొడుకు దాన్ని సాటి ఎంపీ పీటర్ బెసెల్ చేతిలో పెట్టాడు. బెసెల్ వెళ్లి నార్మన్‌ని బెదిరించాడు, తర్వాత బుజ్జగించాడు, ఆ తర్వాత వారానికి ఐదు పౌండ్ల చొప్పున పంపడం మొదలుపెట్టాడు. కార్డు మాత్రం రాలేదు. ఐదు పౌండ్లు పుచ్చుకున్నందుకు నార్మన్‌కి ఇంకో పేరొచ్చింది, డబ్బు మనిషని.

1971లో వేల్స్‌లోని ఒక పల్లెలో గ్వెన్ ప్యారీ-జోన్స్ అనే వితంతువు అతన్ని చేరదీసింది. పోస్టాఫీసు నడిపిన మనిషి. ఆమె నమ్మింది. నమ్మి, లిబరల్ ఎంపీ ఎమ్లిన్ హూసన్‌కి ఉత్తరం రాసింది. పార్టీ లోపల విచారణ పెట్టారు. అధ్యక్షుడు లార్డ్ బయర్స్. నార్మన్‌ని పిలిచారు, బ్లాక్‌మెయిలర్‌తో మాట్లాడినట్టు మాట్లాడారు. థోర్ప్‌కి క్లీన్ చిట్ ఇచ్చారు. విచారణ చేసిందెవరు? అతని పార్టీ. ఎవరి భవిష్యత్తు అతని మీద ఆధారపడి ఉందో వాళ్లే.

1972లో గ్వెన్ చనిపోయింది. ఆమె మరణం మీద జరిగిన విచారణలో నార్మన్ నిలబడి మళ్లీ థోర్ప్ పేరు చెప్పాడు. ఒక్క పత్రిక కూడా వేయలేదు.

పోలీసులు, కన్నతల్లి, పార్టీ, పత్రికలు. ఇంకెవరికి చెప్పాలి?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కింద మా సంఘం ఆఫీసుకి ఒక కుర్రాడొచ్చాడు. హాస్టల్ పిల్లవాడు, ఇంటర్ అయిపోయింది. మా పెద్దాయన ఒకాయన అతన్ని తన ఇంట్లో ఉంచుకుని చదివిస్తానన్నాడు. పేరు చెప్పను. ఆ పెద్దాయన వల్ల ఎన్ని కుటుంబాలకి పట్టాలొచ్చాయో నాకు తెలుసు. కుర్రాడు ఆ ఇంట్లోంచి బయటికొచ్చేశాడు. 'అన్నా, నా టెన్త్ మెమో, టీసీ ఆయన దగ్గరే ఉన్నాయి, ఇప్పించన్నా' అన్నాడు. ఎందుకు బయటికొచ్చావురా అంటే తల దించుకున్నాడు. 'అది చెప్పలేనన్నా' అన్నాడు.

నేను అడగలేదు. అడిగితే వినాల్సొస్తుంది. వింటే ఏదో ఒకటి చేయాల్సొస్తుంది. వచ్చే నెల మహాసభ ఉంది, అయ్యాక చూద్దాం అన్నాను. మూడుసార్లొచ్చాడు. మూడోసారి మా ఆఫీసులోనే ఎవరో 'డబ్బుల కోసం తిరుగుతున్నాడు' అన్నారు. నేను కాదనలేదు. బెసెల్‌ని చూస్తుంటే, లార్డ్ బయర్స్‌ని చూస్తుంటే నాకు వేరే దేశం కనపడలేదు. మా ఆఫీసు బల్ల కనపడింది.

సరే. కథలోకి వస్తాను.

1968 చివర్లో పార్లమెంటులోని తన గదిలోనే థోర్ప్ చంపడం గురించి మాట్లాడాడని బెసెల్ తర్వాత కోర్టులో చెప్పాడు. అది జబ్బుపడ్డ కుక్కని కాల్చడం కంటే పెద్ద తప్పేం కాదన్నాడట. 1975 అక్టోబర్ 24 రాత్రి ఎక్స్‌మూర్ బీడు భూముల్లో నిజంగానే ఒక కుక్క చచ్చిపోయింది. ఆండ్రూ న్యూటన్ అనే విమాన పైలట్, నిన్ను కాపాడ్డానికొచ్చానని నమ్మించి నార్మన్‌ని కారులో తీసుకెళ్లాడు. నార్మన్ వెంట రింకా అనే గ్రేట్ డేన్ కుక్క ఉంది. నిర్మానుష్యంగా ఉన్న రోడ్డు మీద కారాపి, రింకా తలలోకి కాల్చాడు. తుపాకీ నార్మన్ వైపు తిప్పాడు. పేల్లేదు. మొరాయించిన తుపాకీతో కాసేపు పెనుగులాడి కారెక్కి పారిపోయాడు. వానలో, చచ్చిన కుక్క పక్కన, రోడ్డు మీద ఒక మనిషి మిగిలాడు.

1976 జనవరిలో నార్మన్ చిన్న మొత్తం భృతి మోసం కేసులో బార్న్‌స్టేపుల్ కోర్టుకొచ్చాడు. కార్డు లేనివాడి మీద భృతి మోసం కేసు! ఆ బోనులోంచి అందరూ వినేలా చెప్పేశాడు, థోర్ప్‌తో సంబంధం ఉన్నందుకే నన్ను వేటాడుతున్నారని. కోర్టులో అన్న మాట కాబట్టి పత్రికలు ధైర్యంగా వేయగలిగాయి. పద్నాలుగేళ్లు గొంతు చించుకున్నా వినపడని మాట, ముద్దాయిగా నిలబెడితే వినపడింది.

అప్పుడేమైందనుకుంటున్నారు? మార్చిలో ప్రధాని హరాల్డ్ విల్సన్ పార్లమెంటులో లేచి, దీని వెనక దక్షిణాఫ్రికా ప్రయోజనాల హస్తం ఉందన్నాడు. థోర్ప్ వర్ణవివక్షకి శత్రువు కాబట్టి నమ్మదగ్గట్టే ఉంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం అలాంటి పనులు చేయగలదు కూడా. కానీ నార్మన్ చెప్పింది 1962లోనే పోలీసు ఫైల్లో ఉంది. అతన్ని ఎవరూ పంపలేదు. అతను కార్డు కోసం వచ్చాడు.

ఉద్యమాల్లో ఉన్నవాళ్లం ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. మనకి శత్రువులు లేరని కాదు. ఉన్నారు, కుట్రలూ చేస్తారు. అందుకే 'ఇది శత్రువు పన్నిన కుట్ర' అనే మాట మన చేతిలో అంత తేలిగ్గా పనిచేస్తుంది. మంచి పనికి అడ్డొచ్చిన చిన్న మనిషిని పక్కకి నెట్టడానికి దాన్ని మించిన కర్ర లేదు.

మే నెలలో థోర్ప్ పాత ఉత్తరం పత్రికకెక్కింది. అందులో నార్మన్‌ని కుందేలని ముద్దుగా పిలిచి, కుందేళ్లు ఫ్రాన్స్ వెళ్లొచ్చని రాశాడు. 1976 మే 10న పార్టీ పదవికి రాజీనామా చేశాడు. న్యూటన్ జైలు నుంచి బయటికొచ్చాక 1977లో, చంపడానికి నాకు డబ్బిచ్చారని పత్రికకి చెప్పాడు. 1978 ఆగస్టులో థోర్ప్‌నీ, అతని స్నేహితుడు డేవిడ్ హోమ్స్‌నీ, మరో ఇద్దరు వ్యాపారులనీ హత్యకి కుట్ర కేసులో అరెస్టు చేశారు. 1979 మే ఎన్నికల్లో ఇరవై ఏళ్ల సీటు పోయింది. ఆబెరన్ వా అనే రచయిత కుక్కల ప్రేమికుల పార్టీ పేరుతో అదే సీట్లో పోటీ చేసి 79 ఓట్లు తెచ్చుకున్నాడు. దేశమంతా నవ్వింది. కుక్క పేరు అందరికీ తెలుసు, మనిషి బాధ ఎవరికీ పట్టలేదు.

అయిదు రోజులకి, మే 8న, ఓల్డ్ బెయిలీలో విచారణ మొదలైంది. వైల్డ్‌ని జైలుకి పంపింది కూడా ఆ కోర్టే. థోర్ప్ లాయరు జార్జ్ కార్మన్. థోర్ప్ బోనెక్కి ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పకపోవడం అతని హక్కు, దాన్ని నేను తప్పుపట్టను. నార్మన్ మాత్రం బోనెక్కి తన బతుకంతా విప్పి చెప్పాడు. బెసెల్ ఒక పత్రికతో చేసుకున్న ఒప్పందం కూడా బయటపడింది. థోర్ప్‌కి శిక్ష పడితే 50,000 పౌండ్లు, పడకపోతే సగం. ఆ సాక్ష్యం అక్కడే చచ్చిపోయింది. ఇది ప్రాసిక్యూషన్ తప్పే, దాచాల్సిన పనిలేదు.

కానీ జడ్జి కాంట్లీ జ్యూరీకి చెప్పిన ముగింపు మాటలు చదవండి. థోర్ప్ దేశంలో పేరున్న మనిషి, గొప్ప ప్రజాజీవితం గడిపిన మనిషి. నార్మన్ స్కాట్? వంచకుడు, మోసగాడు, ఇతరుల మీద పడి తినేవాడు, ఏడుపుగొట్టువాడు, పరాన్నజీవి. ఇవన్నీ అనేశాక, అయినా అతను నిజం చెబుతూ ఉండొచ్చు అన్నాడు. బురదలో ముంచి తీసి, కడుక్కోవడానికి గుక్కెడు నీళ్లిచ్చినట్టు. కొద్దిరోజుల్లోనే పీటర్ కుక్ అనే హాస్యనటుడు ఆ జడ్జిని అనుకరిస్తూ స్టేజి మీద చేసిన ప్రసంగం, అసలు దానికంటే ఎక్కువకాలం బతికింది.

1979 జూన్ 22న నలుగురూ నిర్దోషులన్నారు. ఆ తీర్పు తీర్పే. థోర్ప్ చట్టం ముందు నిర్దోషి. తనని పురిగొల్పారన్న ఆరోపణ నిజమేనని హోమ్స్ 1981లో పత్రికలో ఒప్పుకున్నా, తీర్పు మారలేదు. ఇంకో సంగతి. ఈ కేసు జ్యూరర్ ఒకరు తర్వాత ఒక పత్రికతో లోపలి ముచ్చట మాట్లాడితే, జ్యూరీ గదిలో జరిగింది బయటపెట్టడం నేరమని 1981లో ఏకంగా చట్టం తెచ్చారు. శిక్ష ఖాయమనుకుని బీబీసీ విలేఖరి టామ్ మ్యాంగోల్డ్ ముందే తీసి ఉంచిన డాక్యుమెంటరీని ధ్వంసం చేయమన్నారు. ఆయన ఒక కాపీ దాచాడు. అది 39 ఏళ్లకి, 2018లో, ఈ సీరియల్ ఆఖరి భాగం వచ్చిన రోజున ప్రసారమైంది.

థోర్ప్ మీద నాకు జాలి లేదా? ఉంది. ఆ 1885 సెక్షనే లేకపోతే ఆ ఉత్తరాలు మామూలు ప్రేమలేఖలు. దాచేది ఉండేది కాదు, బెదిరింపుకి దారి ఉండేది కాదు, తుపాకీ దాకా వెళ్లేది కాదు. 1979 తర్వాత అతను మళ్లీ ఏ పదవిలోకీ రాలేదు. పార్కిన్‌సన్స్ జబ్బుతో దశాబ్దాలు గడిపి 2014 డిసెంబర్లో చనిపోయాడు. చట్టం ఇద్దర్నీ నొక్కింది. కానీ ఆ బరువులో తన వాటా కూడా కిందివాడి మీదికి తోసేసే వీలు పైవాడికుంది. నా కోపం అక్కడ.

ఆ చట్టం మనకి తెలియంది కాదు. ఇంగ్లండ్‌లో లబూషేర్ సెక్షన్ రాకముందే, 1860లో, మన నెత్తిన 377 పెట్టారు. యావజ్జీవం దాకా శిక్ష. నిజాం హైదరాబాద్‌లో ఫసలీ 1329లో, అంటే 1919లో, హిజ్రాల పేర్లూ చిరునామాలూ రిజిస్టర్లో ఎక్కించే చట్టం తెచ్చారు. ఆడవేషంలో బహిరంగంగా కనపడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. బ్రిటిష్ ఇండియాలో 1871 నేరస్త జాతుల చట్టం ఏం చేసిందో దానికి నకలు. పుట్టుకనే నేరంగా రాసిన ఆ చట్టంలో, సంచార కులాల పక్కనే వాళ్ల పేరూ ఉంది. ఇది మనం మర్చిపోకూడని పొత్తు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377ని ఇష్టపూర్వక సంబంధాల వరకు కొట్టేసింది. సీరియల్ వచ్చిన మూడు నెలలకి. ఆ హైదరాబాద్ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. నూటనాలుగేళ్లు.

సీరియల్ చివర తెర మీద కొన్ని అక్షరాలొస్తాయి. ఎవరెవరు ఏమయ్యారో చెప్తాయి. నార్మన్ స్కాట్ బతికే ఉన్నాడని, జంతువులతో ఉంటున్నాడని, ఆ కార్డు అతనికి ఇప్పటికీ రాలేదని. నేను లైటు తీసేసింది అక్కడ.

మా కుర్రాడు నాలుగోసారి రాలేదు. మెమో పోయిందని పోలీస్ స్టేషన్లో రాసిచ్చి, బోర్డు నుంచి డూప్లికేట్ తెచ్చుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. పోయిందని రాసిచ్చాడు. పోలేదు. ఎక్కడుందో నాకు తెలుసు, మా ఆఫీసులో ఇంకో ఇద్దరికి తెలుసు.

మహాసభ బాగా జరిగింది. మూడు తీర్మానాలు చేశాం. అందులో ఒకటి గౌరవంగా బతికే హక్కు గురించి. దాన్ని చదివింది నేనే.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావో లేదో. ఆ రోజు నిన్ను అడగాల్సింది ఈ రోజు అడుగుతున్నాను. ఏం జరిగింది? చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే వద్దు. ఈసారి ఏ మహాసభా అడ్డం పెట్టను.

జై భీమ్.